ఛీ అనడం తెలిసిన మనిషి

మా కడప జిల్లా బండలకు పేరు. ఆ పేరు నిలబెట్టడానికి నా వంతుగా మొన్న నేను కూడా ఒక రాయిని తయారుచేశాను. ఇంటికి పరుచుకునే రాయి కాదు, మూత్రపిండంలో పెరిగే రాయి. పెరిగినంతకాలం మర్యాదగానే పెరిగింది గాని, బయలుదేరాలని నిర్ణయించుకున్న రోజున నన్ను కర్నూలులో ఒక ఆసుపత్రి మంచం మీద పడేసి మెలితిప్పింది.

అంతలో చక్రాల బండి మీద కంప్యూటరును తోసుకుంటూ ఒక నర్సు వచ్చింది. ముప్పై అయిదుకు దగ్గరపడిన మనిషి. వచ్చి నా వైపు కాదు, బండి వైపు చూస్తూ నిలబడింది.

"నొప్పి ఎంతుండాది సార్? సున్నా నుంచి పది లోపల చెప్పండి."

నేను పళ్లు కొరుక్కుంటూ, పదికి మించి చెప్పే వీలుందా అని అడగబోయాను. నోరు తెరిచేలోపే మీట నొక్కిన చప్పుడైంది. తల తిప్పి చూశాను. నా నొప్పికి రెండు మార్కులు పడ్డాయి. చదువుకునే రోజుల్లో లెక్కల మాస్టారు కూడా నాకు రెండు మార్కులే వేసేవాడు, కాని ఆయన పేపరు చూసి వేసేవాడు.

"ఛీ" అన్నాను.

అనాలనుకుని అన్నది కాదు. నా గొంతులోంచి వచ్చిందే గాని నాది కాదు. నర్సు గిరుక్కున తిరిగింది. వచ్చిన తర్వాత మొదటిసారి నా ముఖం చూసింది.

"ఆ ఛీ యాడ నేర్చుకున్నారు సార్?" అంది.

ఎక్కడ నేర్చుకున్నానో చెప్పాలంటే పదిహేనేళ్లు వెనక్కి, కడపకు పోవాలి.

అప్పట్లో నేను కర్నూలులో ఒక చిన్న కంపెనీలో పని చేసేవాణ్ణి. ఆసుపత్రులకు కంప్యూటర్ ప్రోగ్రాములు తయారుచేసి అమ్మేవాళ్లు. తయారుచేసేవాళ్లు ఏసీ గదిలో కూర్చునేవాళ్లు. తయారైనదాన్ని నర్సులకు నేర్పడానికి, తిట్లు తినడానికి ఒక మనిషి కావాలి గదా, అది నేను. కడపలో ఒక ప్రైవేటు ఆసుపత్రి మా సరుకు కొన్నది. నన్ను అక్కడ కొంతకాలం ఉండి రమ్మన్నారు. జనరల్ వార్డు ఇన్‌ఛార్జి నర్సును అందరూ పెద్దసిస్టర్ అనేవాళ్లు. నేనూ అలాగే అన్నాను.

పెద్దసిస్టర్ని నేను మొదట చూసింది పనిలో. రాయచోటి వైపు నుంచి వచ్చిన ఒక రైతుకు చక్కెర జబ్బుతో పాదం కుళ్లిపోయింది. కట్టు విప్పింది. అందులో ఏమేం కదులుతున్నాయో నేను రాయను, చదివేవాళ్లు భోజనం చేసి ఉంటారు. ఆ రైతు కన్నకొడుకే తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మం బయటికి పోయి నిలబడ్డాడు. ఈమె మాత్రం ఆ పాదాన్ని ఒళ్లోకి తీసుకున్నంత దగ్గరగా వంగి, పట్టకారుతో ఒక్కొక్కటీ ఏరి గిన్నెలో వేస్తూ, "వేరుశనక్కాయలు ఏం ధర పలుకుతాండాయప్పా ఈ ఏడు?" అని అడుగుతోంది. ఆయన ధర చెబుతున్నాడు. మధ్యలో వానల సంగతీ, ఎద్దుల సంగతీ వచ్చాయి. ఆమె ముక్కు మాత్రం ముడుచుకోలేదు.

నేను చేతిలో వైర్ల చుట్టతో గోడకు జారగిలబడ్డాను. ఆమె తల ఎత్తకుండానే అంది.

"ఏమప్పా కంప్యూటరూ, పడిపోతాండావా? పడేటట్టయితే ఈ పక్క బెడ్డు ఖాళీగా ఉండాది, దాని మీద పడు. కింద పడితే మళ్లీ మేమే ఎత్తల్ల."

అప్పటి నుంచి ఆసుపత్రిలో నా పేరు కంప్యూటరే. నా అసలు పేరు జీతం ఇచ్చేవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు.

చీము, నెత్తురు, వాంతి, విరేచనం, వీటిలో దేనికీ ఆమె చీదరించుకోగా నేను చూడలేదు. "మనిషి వాసన మనిషికేమప్పా" అనేది. అట్లాగని చీదర లేని మనిషి అనుకుంటే మోసపోయినట్టే. మిగతావాళ్లు చిల్లరగా ఖర్చుపెట్టేసే ఛీని ఆమె దాచి, అసలైన చోట మొత్తం ఒకేసారి ఖర్చుపెట్టేది. క్యాంటీనువాడు నిన్నటి చట్నీలో ఈరోజు కొబ్బరి కలిపి కొత్తదని చెప్పినప్పుడు ఒకసారి. ఒక పెద్దింటి కోడలు తన అత్తగారికి అన్నం తినిపిస్తున్నట్టు ఫోటో తీయించుకుని, ఫోటో అయిపోగానే చెంచా పక్కన పెట్టినప్పుడు ఒకసారి. సాగదీసేది కాదు. ముందు ముక్కు ఎడమ పక్క కొంచెం పైకి లేచేది, తర్వాత ఊపిరి లోపలికి పోయేది, ఆ పైన గడ్డం కిందికి దిగుతూ ఆ ఒక్క అక్షరం. గట్టిగా ఉండేది కాదు గాని వార్డు ఈ కొస నుంచి ఆ కొసకు వినబడేది. అనిపించుకున్నవాడు ఆ రోజంతా స్నానం చెయ్యనివాడిలా తిరిగేవాడు.

కంప్యూటరును ఆమె మొదటిరోజే అనుమానితుడిగా పరిగణించింది. స్పిరిట్ దూదితో కీబోర్డు తుడిచేది, పని చేసేది, మళ్లీ తుడిచేది. మొదట తుడిచింది దానికోసమూ, తర్వాత తుడిచింది తనకోసమూ అని చెప్పేది. ఒంటివేలితో కొట్టేది. వాపు వచ్చిన కాలును నొక్కి, వేలు తీశాక గుంట పడిందా లేదా అని చూస్తారే, అట్లా ప్రతి అక్షరాన్నీ నొక్కి కాసేపు చూసేది. కళ్లజోడుకు కట్లు కట్టే గాజుగుడ్డ పేలిక ముడి వేసి మెడలో వేలాడదీసుకునేది. పక్కనే రొమ్ము మీద సూదిపిన్నుతో తలకిందులుగా గుచ్చిన గడియారం. మనకు తలకిందులు, ఆమె వంగి చూస్తే సరిగానే కనబడేది. లోకంలో చాలా సంగతులు ఆమెకు అట్లాగే కనబడేవి.

అయితే నేర్చుకోలేదని కాదు. కుర్ర నర్సులకంటే ముందే నేర్చుకుంది. రక్తపరీక్ష ఫలితం కోసం ఆయాను కింది అంతస్తుకు తరమాల్సిన పని తప్పిందని సంతోషపడింది కూడా. "మిషను మంచిదే అప్పా. కాగితాలు పారేసుకునే డాక్టర్లకంటే నయం" అని ఒక సర్టిఫికెట్టు ఇచ్చింది. నా ఉద్యోగ జీవితంలో నాకు వచ్చిన సర్టిఫికెట్టు అదొక్కటే. దాన్ని కూడా త్వరలోనే వెనక్కి తీసుకుంది.

తీసుకోవడానికి కారణం ఒక మీట. మందులు ఇచ్చిన ప్రతిసారీ ఒక్కో రోగి పేరు పక్కన 'ఇచ్చాము' అని గుర్తు పెట్టాలి. వార్డులో అందరికీ అట్లా పెట్టడం శ్రమ గదా అని మావాళ్లు ఒక వసతి కల్పించారు. 'సెలెక్ట్ ఆల్' అని ఒక మీట. ఒక్కసారి నొక్కితే వార్డంతటికీ ఆ పూట మందులు ఇచ్చినట్టే, భోజనం నుంచి నొప్పి దాకా మిగతా గడులన్నీ నిండినట్టే. ఇంకో వసతి కూడా ఉంది, మందు వేళ కాకముందే నొక్కవచ్చు. నేను దాన్ని గారడీవాడు గుడ్డ కింద నుంచి పావురాన్ని తీసినట్టు చూపించాను. కుర్ర నర్సులు చప్పట్లు కొట్టడం ఒక్కటే తక్కువ.

పెద్దసిస్టర్ కళ్లజోడు పెట్టుకుని తెరను చూసింది.

"అందరికీ ఒకే నొక్కుడా?"

"ఔను సిస్టర్. టైము ఆదా."

"మా చర్చిలో రొట్టె పంచేటాయన గూడా ఒగొగరి నోరు చూసి పెడ్తాడప్పా. మింగినారో లేదో చూడకుండా ఇచ్చినామని ఎట్ల నొక్కేది?"

"ఇచ్చిన తర్వాతే నొక్కుతారు గదా..."

ఆమె నా వైపు చూసింది. "నీకు పెండ్లయిందా?"

"లేదు."

"అదే అనుకున్యా. మనుషుల సంగతి తెల్దు నీకు" అంది.

మనుషుల సంగతి తెలియడానికి నాకు ఎక్కువ రోజులు పట్టలేదు. మేనేజరుగారి గదిలో కూడా ఒక తెర పెట్టించారు. వార్డుల్లో గుర్తులన్నీ పడితే అందులో ఆకుపచ్చ, పడకపోయినా, పడినదాన్ని దిద్దినా ఎరుపు. ఆయనకు ఆ పచ్చదనం మీద చెప్పలేనంత మోజు పుట్టింది. వరసగా వానలు లేక జిల్లా మొత్తం ఎండిపోయిన ఏడు, కళ్లు చల్లబడేంత పచ్చదనం చూడాలంటే ఆయన గదికి పోవాల్సిందే. ఎరుపు కనబడితే ఫోను చేసి కసిరేవాడు. రోగి సంగతి కాదు, రంగు సంగతి. నర్సులు తెలివైనవాళ్లు. రోగులకు మందులు వేయడం ఎంత శ్రమో, మేనేజరుకు రంగులు వేయడం ఎంత సులువో తెలుసుకున్నారు. మధ్యాహ్నం రెండు గంటల మాత్రలకు పన్నెండుకే గుర్తులు పడిపోవడం మొదలైంది. ఎందుకంటే రెండుకు డ్యూటీ మారుతుంది, రెండుకే హాస్టలు వ్యాను కదులుతుంది. ముందే నొక్కేస్తే, మాత్రలు వచ్చే డ్యూటీవాళ్లు ఎప్పుడో వేస్తారు. వేస్తారనే నమ్మకం.

దాంతోపాటు అప్పగింతలు పోయాయి. పెళ్లిలో అప్పగింతలు ఏడుస్తూ జరిగితే పెద్దసిస్టర్ అప్పగింతలు కసురుతూ జరిగేవి. డ్యూటీ దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ మంచం మంచం దగ్గరా ఆగాలి, దుప్పటి ఎత్తి చూడాలి, రోగిని పేరుతో పలకరించాలి. "ఈయప్పకి రాత్రంతా ఎక్కిళ్లు. ఈయమ్మ తినలేదు, తిన్నానని చెప్తాది, నమ్మొద్దు." అట్లా ఒక్కొక్కరినీ చేతిలో పెట్టినట్టు అప్పగించేది. ఇక మీదట అదంతా తెర మీద చూసుకుంటే చాలని మేనేజరుగారు ఉత్తర్వు తీశారు.

ఆమె పద్ధతుల్లో ఇంకొకటి చెప్పాలి. వార్డులో ఎవరైనా పోతే, డాక్టరు వచ్చి నాడి చూసి తల ఊపగానే, ఆమె వంగి తన రొమ్ము మీది గడియారం చూసి టైము గట్టిగా చెప్పేది. పోయినవాళ్ల కళ్లు మూయకముందే. చుట్టుపక్కల మంచాలవాళ్లకూ, నేలమీద కూర్చున్న బంధువులకూ అందరికీ వినబడేటట్టు. తర్వాతే కళ్లు మూసేది. ఎందుకలా అని ఒకసారి అడిగాను.

"పుట్టినప్పుడు టైము చెప్తే అందరూ చెవులు నిక్కబొడుచుకోని ఇంటారు. పొయ్యేటప్పుడు ఎవురూ అడగరు. ఆ మర్యాదన్నా చెయ్యొద్దా?" అంది.

ఇక ఆ రోజు.

రాజంపేట నుంచి వచ్చిన ఒక శెట్టిగారు మా వార్డులో ఉన్నాడు. చిల్లర అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు, రెండింటికీ గడప ఒకటే. గుండెజబ్బు. భార్యా, ఆమె తమ్ముడూ దగ్గర ఉన్నారు. ఆ మధ్యాహ్నం పెద్దాయన మంచినీళ్లు అడిగి, తాగకుండానే ఒరిగిపోయాడు. డాక్టరు వచ్చాడు, చేయాల్సినవన్నీ చేశాడు, తల ఊపాడు. పెద్దసిస్టర్ వంగి చూసింది.

"టైము పన్నెండున్నర."

అంది. పెద్దాయన కళ్లు మూసింది. శెట్టిగారి భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

కాగితం ఇస్తే శవాన్ని తీసుకుపోవచ్చు. ఆ కాగితం ఇప్పుడు కంప్యూటరులోంచే రావాలి. పెద్దసిస్టర్ కూర్చుని, కీబోర్డు తుడిచి, ఒంటివేలితో పన్నెండున్నర కొట్టింది. తెర మీద ఎర్రటి పెట్టె లేచింది. ఇంకోసారి కొట్టింది. ఇంకోసారి లేచింది.

"ఏమంటాందప్పా ఇది?"

వంగి చదివాను. రోగికి రెండు గంటలకు మాత్ర ఇచ్చినట్టు ఉంది కాబట్టి మరణ సమయం అంతకు ముందు ఉండరాదు అంటోంది. చచ్చినవాడు మాత్ర మింగడు గదా అనే గొప్ప తర్కంతో మావాళ్లు పెట్టిన నిబంధన అది. తర్కం బాగానే ఉంది. కాని ఒక మనిషి చచ్చాడా, మాత్ర మింగాడా అనే తగాదాలో మా ప్రోగ్రాము మాత్ర పక్షాన నిలబడింది.

వెనక నుంచి ఎక్కిళ్లు వినబడ్డాయి. ఆత్మకూరు నుంచి కొత్తగా వచ్చిన నర్సు, ఇరవై దాటని పిల్ల. "నేనే సిస్టర్... పన్నెండుకే నొక్కేసినా. వ్యాను పోతాదని..."

పెద్దసిస్టర్ మళ్లీ తెర వైపు తిరిగింది. ఆ పేజీ అంతా కిందికి జరుపుతూ చదివింది. మధ్యాహ్నం భోజనం చేశాడు అని ఉంది. విరేచనం సాధారణం అని ఉంది. నొప్పి లేదు అని ఉంది. అన్నీ రెండు గంటలకే. అప్పటికి గోడ గడియారంలో ఇంకా ఒకటిన్నరే. అవతల మంచం మీద నిలువునా దుప్పటి కప్పి ఉన్న శెట్టిగారు, ఇంకో అరగంటలో అన్నం తిని, మాత్ర మింగి, విరేచనానికి పోయి, నొప్పి లేకుండా ఉండబోతున్నాడు.

కుళ్లిన పాదం మీదికి అంత దగ్గరగా వంగిన మనిషి, ఆ తెర ముందు నుంచి కుర్చీని వెనక్కి జరుపుకుంది. ముక్కు ఎడమ పక్క లేచింది.

"ఛీ."

నాకు ఆ రోజు తెలిసింది, నేను అన్నాళ్లుగా వైర్లు మోసి, గోడలకు మేకులు కొట్టి, ఆ ఆసుపత్రిలోకి తెచ్చిపెట్టినది ఎంత కంపో. దానికి వాసన లేదు. అందుకే ఎవరూ ముక్కు మూసుకోలేదు.

మేనేజరుగారు వచ్చారు. సంగతి విన్నారు. "దానికేముంది సిస్టర్. రెండుంపావు అని వేసేయండి. తీసుకుంటుంది" అన్నారు.

"రెండుంపావు ఇంకా కాలేదు గదా సార్."

"అయ్యేదాకా ఆగి వేయండి."

"అంటే ఈయప్పని రెండుంపావు దాకా సచ్చిపోకుండా ఆపమంటారా?"

మేనేజరుగారు నవ్వబోయి మానుకున్నారు. అప్పుడే శెట్టిగారి బావమరిది ముందుకు వచ్చాడు. అంతసేపూ ఫోనులో రాజంపేట పురోహితుడితో మాట్లాడుతున్నాడు.

"అట్ల చెయ్యొద్దు సార్, మీకు దండం పెడతా. ఒంటిగంట దాకా శ్రవణం. ఆ మీద ధనిష్ఠ. ధనిష్ఠలో పోయినారంటే ఇల్లు పాడుబెట్టల్ల సార్. ఆర్నెల్లు బీగం ఏసి పొయ్యి రాజేయకూడదు. మాకు ఇల్లూ అంగడీ ఒకటే."

"మీకు తెలుసు గదా ఎప్పుడు పోయిందీ. కాగితంతో ఏం పని?"

"మాకు తెలిస్తే సాల్దు సార్. ఊర్లో పెద్దోళ్లు, దాయాదులు అడిగేది కాగితమే. ఆసుపత్రి కాగితంలో రెండుంపావు అని ఉంటే, నేను నోటితో పన్నెండున్నర అంటే ఎవురు నమ్ముతారు? అక్కనూ పిల్లోళ్లనూ యాడికి పంపేది? ఆర్నెల్లు అంగడి మూసినామంటే మళ్లీ తెరిచేది లేదు."

శెట్టిగారి భార్య స్తంభానికి ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. తల ఎత్తి పెద్దసిస్టర్‌తో మాత్రమే మాట్లాడింది. "అమ్మా, నువ్వు గట్టిగా చెప్పినావు గదా. నేనిన్నా."

"అందరూ ఇన్నారమ్మా" అంది పెద్దసిస్టర్.

మేనేజరుగారు నచ్చజెప్పే గొంతు పెట్టారు. "సిస్టర్, మీరు ఇట్లాంటివి నమ్మరు గదా. గంటా రెండు గంటల్లో ఏముంది? పోయినాయన ఎట్లాగూ పోయినాడు."

"పోయినాయన పోయినాడు సార్. ఉన్నోళ్లు యాడికి పోవల్ల?" అంది. "నాకు నక్షత్రాలు తెల్దు. నాకు తెల్సిన చుక్క సెలైను చుక్క ఒకటే. కానీ గడియారం తెల్సు. సచ్చినాయన మాత్ర మింగినాడని నేను రాయను."

నేను కర్నూలుకు ఫోను చేశాను. నిబంధన మార్చడం తర్వాతి వెర్షన్‌లో చూస్తామన్నారు. అవతల ఎవరో టీ తాగుతున్న చప్పుడు వినబడింది. ఫోను పెట్టేసి చెప్పాను. పెద్దసిస్టర్ నన్నే చూస్తోంది.

"ఇచ్చినామని కొట్టినదాన్ని ఇయ్యలేదని కొట్టేదానికి అయితాదా, కాదా? అది చెప్పు."

"అవుతుంది సిస్టర్. కాని ఒక్కొక్కటే తీయాలి. తీసిన ప్రతిదానికీ ఎరుపు పడుతుంది, మీ పేరు మీద."

"అబద్ధం చెప్పేదానికి అందరికీ ఒక నొక్కుడు. నిజం చెప్పేదానికి ఒగొగటే?"

"ఔను."

ఇంకో ఛీ వస్తుందని సిద్ధపడ్డాను. రాలేదు. ఆమె కళ్లజోడు సర్దుకుని, శెట్టిగారి పేరు వెతికి, వాపు కాలును నొక్కినట్టు నొక్కడం మొదలుపెట్టింది. మాత్ర, ఇవ్వలేదు. భోజనం, చేయలేదు. కారణం అడిగితే చూపించే జాబితాలో 'రోగి నిరాకరించాడు' ఉంది, 'వాంతి చేసుకున్నాడు' ఉంది, 'మందు లేదు' ఉంది. రోగి చనిపోయాడు అని లేదు. మావాళ్లకు ఆ ఆలోచన రాలేదు. ఆసుపత్రి గదా! ఆమె 'తప్పు నమోదు' అన్నదాన్ని ఎంచుకుంది. చివరకు పన్నెండున్నర కొట్టింది. ఎర్రటి పెట్టె లేవలేదు. కాగితం బయటికి వచ్చింది. డాక్టరు సంతకం చేశాడు. బావమరిది దాన్ని రెండు చేతులతో అందుకుని చదివి, అక్కకు చూపించాడు. ఆమెకు చదువు రాదు, ఆ అంకెలున్న చోట వేలు పెట్టి చూసింది. శవాన్ని తీసుకుని వాళ్లు వెళ్లిపోయారు.

కథ అక్కడ ఆగి ఉంటే మేనేజరుగారు క్షమించేవారేమో. పెద్దసిస్టర్ కుర్చీలోంచి లేవలేదు. పక్క మంచం రోగి పేరు తెర మీదికి తెచ్చింది.

"ఇంకేం చేస్తున్నారు సిస్టర్? వాళ్లు వెళ్లిపోయారు గదా."

"మిగతావి తీస్తాండా సార్."

"మిగతావాళ్లు బతికే ఉన్నారు గదా!"

"సచ్చినాయనకొక న్యాయం, బతికినోళ్లకొక న్యాయమా సార్? వాళ్లకి గూడా ఇంకా ఇయ్యలేదు."

వార్డు మొత్తం తీసింది. ఒక్కొక్క పేరూ. గడియారం రెండు కొట్టాక, ఆత్మకూరు పిల్లను వెంటబెట్టుకుని మంచం మంచం దగ్గరికీ పోయి, మాత్ర నోట్లో వేసి, నోరు తెరిపించి చూసి, వచ్చి మళ్లీ గుర్తు పెట్టించింది. వ్యాను హారను కొట్టి కొట్టి వెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నం మేనేజరుగారి గదిలో పచ్చటి పొలమంతా ఎర్రనేల అయిపోయింది. మా సీమ మామూలుగా ఉండే రంగులోకి వచ్చిందంతే.

ఆ నెలాఖరుకు పెద్దసిస్టర్ని వార్డు నుంచి తీసేశారు. దుప్పట్ల గదికి వేశారు. అక్కడ కంప్యూటరు లేదు. అది శిక్షో వరమో అడగడానికి ఒకరోజు పోయాను. ఉతికి వచ్చిన దుప్పట్లను వెలుతురులో పట్టుకుని చూస్తోంది.

"బాగుండాదప్పా ఈడ. దుప్పటి అబద్ధం చెప్పదు. మరక ఉంటే ఉండాది, లేకపోతే లేదు" అంది. చేతిలోది తిరగేసి చూస్తూ, "వార్డులో అప్పగింతలు చేస్తాండారా?" అని అడిగింది.

లేదని చెప్పాను.

"తెర మీద పచ్చగా ఉండాదా?"

"శానా పచ్చగా ఉండాది సిస్టర్."

ఆమె దుప్పటి మడత పెట్టి, ఇంకొకటి అందుకుంది. తర్వాత నేను ఆ ఉద్యోగం మానేశాను. ఎందుకు మానేశావని అడిగినవాళ్లకు జీతం చాలలేదని చెప్పేవాణ్ణి. మాత్ర పక్షం జీతంతో ఎంతకాలమని బతకడం! ఒకసారి బస్సులో రాజంపేట మీదుగా పోతుంటే ఆ అంగడి కనబడింది. తెరిచే ఉంది. శెట్టిగారి భార్య తక్కెడ పట్టుకుని కందిబేడలు తూస్తోంది. బస్సు ఆగలేదు. ఆగి ఉంటే దిగి ఏం కొనేవాణ్ణో తెలియదు.

ఇదంతా ఆ కర్నూలు మంచం మీద పూర్తిగా చెప్పలేదు, రాయి చెప్పనివ్వలేదు. "కడపలో, పెద్దసిస్టర్ దగ్గర" అన్నాను అంతే.

నర్సు చక్రాల బండిని వదిలేసింది. నన్ను పరకాయించి చూసింది. "కంప్యూటర్ సార్!" అంది. "నేను సార్, ఆత్మకూరు పిల్లని. ముందే నొక్కింది నేనే గదా."

గుర్తుపట్టాను. ఎక్కిళ్లు పోయాయి గాని కళ్లు అవే. పెద్దసిస్టర్ ఎక్కడుందని అడిగాను.

"పోయిన నెల్లో పోయింది సార్. జబ్బు చేస్తే ఈడికే తెచ్చినారు, ఈ వార్డులోనే. ఆ కిటికీ పక్క బెడ్డు. నా డ్యూటీలోనే."

కిటికీ పక్క మంచం మీద ఇప్పుడు ఎవరో కుర్రవాడు కాలికి కట్టుతో పడుకుని సెల్‌ఫోను చూస్తున్నాడు.  పొయ్యేటప్పుడు ఎవరూ అడగరని పెద్దసిస్టర్ అన్నదే అడిగాను.

"ఎన్ని గంటలకు?"

ఆమె చెయ్యి అలవాటుగా బండి మీది మౌసు వైపు పోయింది. మధ్యలో ఆగింది.

"సిస్టంలో ఆరుంపావు అని ఉంటాది సార్. ఆరు గంటల మందు ముందే కొట్టేసినారు, అంతకు ముందు టైము తీసుకోలేదు." చెయ్యి వెనక్కి తీసుకుంది. "కానీ నాలుగుంపావు. సాయంత్రం నాలుగుంపావుకు పోయింది. నేనే చెప్పినా సార్, గట్టిగా. అందరికీ ఇనబడేటట్ల."

"మరి దిద్దలేదా?"

"దిద్దేదానికి లేదు సార్ ఇప్పుడు. ఇది కొత్తది. ఇందులో తీసేసే మీటనే తీసేసినారు."

రాయి సంగతి మరిచి మంచం మీద లేచి కూర్చున్నాను. 

"ఛీ" అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "అట్ల కాదు సార్. మీకు మొదట వచ్చినట్ల మళ్లీ రాలేదు." నిటారుగా నిలబడింది. ముక్కు ఎడమ పక్క కొంచెం పైకి లేచింది. ఊపిరి లోపలికి పోయింది. గడ్డం కిందికి దిగింది.

"ఛీ."

కిటికీ పక్క కుర్రవాడు సెల్‌ఫోను దించి చూశాడు. వార్డు ఆ కొసన కౌంటరు దగ్గర ఎవరో మీట నొక్కబోతున్న చెయ్యి ఆపి, ఏమైందోనని ఇటు తిరిగారు.